కాపురమున్న ఇంటికి దూలం మార్పు

(కంప్యూటర్లలో పైథాన్ 2 నుండి పైథాన్ 3కు జరిగిన ప్రస్థానం: కొన్ని విశేషాలు, కొన్ని అనుభవాలు)

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఆ ఇంట్లో కాపురముంటూనే దానికి ఆధారమైన దూలాన్ని మార్చి చూడమని మాత్రం వారు అనలేదు. అంతటి సాహసం ఎవరూ చేయరని వారి నమ్మకం కాబోలు. కాని దూలానికి చెద పట్టినప్పుడు మార్చక తప్పదు. పొయ్యి ఆరకూడదు, పిల్లల చదువు ఆగకూడదు, పైకప్పు కూలకూడదు, దూలం మాత్రం మారవలెను. అటువంటి పని ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లలో జరిగింది. దాదాపు పన్నెండేళ్ళు సాగిన ఆ పని చాలామందికి తెలియకుండానే పూర్తయింది. మన జీతపు చీటీల నుండి బ్యాంకు లావాదేవీల దాకా, రైలు టిక్కెట్ల నుండి పిల్లల పాఠాల దాకా సమస్తం కంప్యూటరుపై ఆధారపడియున్న ఈ రోజులలో, ఆ మార్పు ఎందుకు వచ్చింది, ఎలా జరిగింది, అందులో మనవంటి సంస్థలు నేర్చుకొనదగినది ఏమి అన్న విషయాలను ఉద్యోగ మిత్రులకు, వారి కుటుంబ సభ్యులకు పరిచయం చేయుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం. సాంకేతిక పరిజ్ఞానం లేనివారు కూడా దీనిని సులువుగా చదువవచ్చును.

పైథాన్ అనగా ఏమి?

కంప్యూటరుకు మన భాష తెలియదు. మనం చెప్పదలచినది దానికి అర్థమయ్యే తీరులో వ్రాయుటకు ఏర్పరచుకొన్న భాషలను ప్రోగ్రామింగ్ భాషలంటారు. ఫోర్ట్రాన్, కోబాల్, సి మొదలైన పేర్లు మన సీనియర్ ఉద్యోగులకు సుపరిచితమే. ఈ కోవకు చెందినదే పైథాన్. నెదర్లాండ్స్ దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని ఒక గణిత, కంప్యూటర్ పరిశోధనా సంస్థలో పనిచేస్తున్న గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరు నెలలో, క్రిస్మస్ సెలవులలో కాలక్షేపంగా దీని రచన ప్రారంభించారు. 1991లో తొలి ప్రతి వెలువడింది. పేరు విని కొండచిలువను తలచుకొనేవారు ఎక్కువ. నిజానికి ఆయనకు ఇష్టమైన ‘మాంటీ పైథాన్’ అను బ్రిటిష్ హాస్య కార్యక్రమం నుండి ఈ పేరు వచ్చింది.

చదువుటకు తేలికగా ఉండుట ఈ భాషకున్న ప్రధాన గుణం. పదిమంది కలిసి వ్రాసినా ఒకరు వ్రాసినది మరొకరికి అర్థమవుతుంది. ఆ కారణం చేతనే లైనక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టంలను కూర్చేవారు తమ ఇంటిపనులకు పైథాన్‌ను వాడసాగారు. ఆపరేటింగ్ సిస్టం అనగా కంప్యూటరుకు గృహ యజమాని వంటిది. కొత్త ప్రోగ్రాంను తెచ్చి ఉంచుట, పాతదానిని తీసివేయుట, యంత్రాన్ని తొలిసారి సిద్ధపరచుట వంటి పనులు అది చూసుకొంటుంది. రెడ్ హ్యాట్ కుటుంబపు లైనక్స్‌లలో యంత్రాన్ని సిద్ధపరచే ‘అనకొండ’, ప్రోగ్రాంలను తెచ్చి అమర్చే ‘యమ్’ అనునవి పైథాన్‌లోనే వ్రాయబడినవి. జెంటూ అను మరొక లైనక్స్‌లో ఈ పని చేసే ‘పోర్టేజ్’ కూడా అంతే. ఈ విధంగా పైథాన్ కేవలం వాడుకరుల భాషగా మిగలక, ఇంటికే దూలమై కూర్చున్నది. ఇక దూలాన్ని మార్చవలసి వచ్చినప్పుడు కలిగే ఇబ్బంది ఎట్టిదో ఊహించవచ్చును.

మార్పు ఎందుకు అవసరమైనది?

పైథాన్ 2.0 విడుదల 2000 అక్టోబరులో జరిగింది. అప్పటికే ఆ భాషలో చేరిన కొన్ని తొలినాటి పొరపాట్లు దాని కర్తలకు తెలియవచ్చినవి. పాతదానితో పొత్తు కుదురుతూ వాటిని సరిదిద్దుట సాధ్యం కాదని వారు గ్రహించారు. అందువలన ఒకేసారి అన్నింటినీ చక్కదిద్ది, 2008 డిసెంబరు 3వ తేదీన పైథాన్ 3.0ను విడుదల చేశారు. పాత భాషలో వ్రాసిన ప్రోగ్రాంలు కొత్తదానిలో యథాతథంగా నడవవని ముందే ప్రకటించారు. ఆ మార్పులలో మనకు ఆసక్తి కలిగించే నాలుగింటిని మాత్రం చూద్దాం.

మొదటిది అక్షరాల సంగతి. ఇది తెలుగువారికి మరీ దగ్గరి విషయం. తొలినాటి కంప్యూటర్లు ఆంగ్లాక్షరాలను దృష్టిలో ఉంచుకొని తయారైనవి. ఒక అక్షరానికి ఒక బైటు చాలునన్నది ఆనాటి లెక్క. ప్రపంచ భాషలన్నింటికీ చోటు కల్పించుటకు యూనికోడ్ అను ప్రమాణం ఏర్పడింది. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించింది. నేడు విరివిగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అను మాటనే తీసుకొందాం. మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము వెరసి ఆరు సంకేతాలు. బైట్లలో పదునెనిమిది. ఈ మాట పొడవెంత అని మామూలు పద్ధతిలో పైథాన్ 2ను అడిగితే 18 అని చెప్పేది. పైథాన్ 3 అయితే 6 అని చెబుతుంది. అనగా పాతది బైట్లను లెక్కించేది, కొత్తది అక్షర సంకేతాలను లెక్కిస్తున్నది. పాత భాషలో కూడా యూనికోడ్‌కు వేరే ఏర్పాటు లేకపోలేదు. కాని అది ప్రత్యేకంగా కోరినవారికే లభించేది. కొత్త భాషలో అదే సహజస్థితి అయినది. మాతృభాషలో పేరు వ్రాసుకొనే హక్కు, కోరితే ఇచ్చే సౌకర్యంగా కాక, అందరికీ పుట్టుకతో లభించే హక్కుగా మారినదన్నమాట.

రెండవది భాగహారం. ఏడును రెండుతో భాగిస్తే మూడున్నర అని మూడవ తరగతి పిల్లవాడు సైతం చెబుతాడు. పైథాన్ 2 మాత్రం 3 అని చెప్పి ఊరుకొనేది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే వచ్చే భిన్నభాగాన్ని అది కోసివేసేది. పైథాన్ 3లో 3.5 అని సరిగా వస్తుంది. కోత కావలెనన్నవారు రెండు అడ్డుగీతలు వరుసగా వ్రాసి అడుగవలెను.

మూడవది సవరించిన అంకె, అనగా పైసలను రూపాయలకు సరిపెట్టుట. రెండున్నరను పూర్ణాంకానికి సరిపెట్టమంటే పాతది 3 అనేది, కొత్తది 2 అంటుంది. సరిగా సగం వచ్చినప్పుడు దగ్గరలోని సరిసంఖ్యవైపు మొగ్గుట కొత్త పద్ధతి. మూడున్నర అయితే రెండింటిలోనూ 4 వస్తుంది. ఎల్లప్పుడూ పైకే సవరిస్తూ పోతే పెద్ద మొత్తాలలో లెక్క పెరిగిపోతుందన్నది దీని వెనుకనున్న తర్కం. గణాంక శాస్త్రానికి ఇది మేలే. జీతపు లెక్కకు మాత్రం ఇది ఎలా పరిణమించిందో ముందు చెబుతాను.

నాలుగవది వ్రాతలో మార్పు. తెరపై చూపుమని చెప్పే ‘ప్రింట్’ అను ఆజ్ఞకు ఇకపై కుండలీకరణాలు తప్పనిసరి అయినవి. దోషాలను పట్టుకొనే వాక్యాలలో కామా స్థానంలో ‘యాజ్’ అను మాట వచ్చింది. ఇవి చిన్నవే గాని ప్రతి ప్రోగ్రాంలోనూ వందలాది చోట్ల ఉండునవి.

ఈ నాలుగింటిలో చివరిది అడుగుపెట్టగానే ఆపివేస్తుంది. యంత్రం మొరాయిస్తుంది, మనం సరిదిద్దుతాం. కాని రెండవ, మూడవ మార్పులు ఏ చప్పుడూ చేయవు. ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది, జవాబు మాత్రం మారిపోతుంది. అరిచే కుక్కకంటే అరవని కుక్కతోనే ప్రమాదమని మన పల్లెలలో అందరూ ఎరిగినదే కదా!

పన్నెండేళ్ళ ప్రయాణం

కొత్త భాష వచ్చినంత మాత్రాన లోకం మారలేదు. తాను వాడే ఉపకరణాలు మారనిదే ప్రోగ్రాం వ్రాసేవాడు మారడు, వాడుకరులు మారనిదే ఉపకరణాలు చేసేవారు మారరు. ఈ చిక్కుముడి చాలా ఏళ్ళు విడలేదు. 2010 జులైలో వచ్చిన పైథాన్ 2.7 పాత వరుసలో చివరిదని ప్రకటించి, 2015 వరకు దానిని కాపాడుతామన్నారు. గడువు సమీపించేసరికి మారవలసినవారు ఇంకా ఎందరో మిగిలియున్నందున, 2014లో ఆ గడువును 2020కి పొడిగించారు. 2020 జనవరి 1తో పాత భాషకు సేవలు నిలిచిపోయినవి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో 2.7.18 అను కడపటి కూర్పు వెలువడింది.

ఆపరేటింగ్ సిస్టంల విషయానికి వస్తే, ఒక్కొక్కటి ఒక్కొక్క దారి త్రొక్కింది. ఆర్చ్ లైనక్స్ అందరికంటే ముందు దూకింది. 2010 అక్టోబరులోనే ‘పైథాన్’ అను పేరుతో పిలిస్తే పైథాన్ 3 పలికేటట్లు చేసింది. పైథాన్ 2ను ఉద్దేశించి వ్రాసిన ప్రోగ్రాంలు ఆ పేరుతో పిలిచి భంగపడ్డాయి. ఈ గందరగోళాన్ని చూసి పైథాన్ కర్తలు 2011లో ఒక సూచనాపత్రం రూపొందించారు. ‘పైథాన్’ అను మామూలు పేరు ప్రస్తుతానికి పాతదానికే చెందవలెననీ, కొత్తదానిని ‘పైథాన్ 3’ అని ప్రత్యేకంగా పిలువవలెననీ దాని సారాంశం. తరువాత 2019లో ఆ సూచనను సడలించి, నిర్ణయాన్ని ఆయా సంస్థలకే వదలిపెట్టారు.

ఫెడోరా మెట్టు మెట్టుగా నడిచింది. 2015 మే నెలలో వచ్చిన 22వ కూర్పులో పాత ‘యమ్’ స్థానంలో ‘డీఎన్ఎఫ్’ అను కొత్త ఏర్పాటును తెచ్చింది. అదే ఏడాది నవంబరులో 23వ కూర్పుతో వ్యవస్థ సొంత పనులకు పైథాన్ 3ను ప్రధానం చేసింది. 2019 అక్టోబరులో 31వ కూర్పులో మాత్రమే ‘పైథాన్’ అను పేరును కొత్తదానికి ఇచ్చింది. ముందు పనులు మార్చి, అటుపిమ్మట పేరు మార్చినదన్నమాట. ఈ వరుసను గమనించవలెను. పెళ్ళి జరిగిన తరువాతనే ఇంటిపేరు మార్చుట మన ఆచారం కూడా.

ఉబుంటు 2016లో సర్వర్ కూర్పులలో పాత భాషను అమర్చుట మానివేసింది, 2018లో మిగిలిన వాటిలోనూ మానివేసింది. 2020 ఏప్రిల్ నాటి కూర్పులో ‘పైథాన్’ అను ఒంటిపేరునే ఖాళీగా ఉంచింది. ఆ పేరు ఎవరికి చెందవలెనో యంత్రం యజమాని తేల్చుకొనునట్లు రెండు చిన్న పొట్లాలను సిద్ధం చేసింది. ‘పైథాన్ అనగా పైథాన్ 3’ అని ఒకదాని పేరు, ‘పైథాన్ అనగా పైథాన్ 2’ అని మరొకదాని పేరు. రెడ్ హ్యాట్ సంస్థ కూడా 2019 మే నెలలో వచ్చిన తన 8వ కూర్పులో ఒంటిపేరును ఖాళీగా వదలి, ఆపరేటింగ్ సిస్టం సొంత అవసరాలకు వేరుగా ఒక పైథాన్‌ను లోపలి గదిలో దాచి ఉంచింది. యజమాని ముందుగదిలో ఏ మార్పు చేసుకొన్నా లోపలి గదికి అపాయం లేకుండుటయే దీనిలోని ఉపాయం. డెబియన్ 2023 జూన్‌లో వచ్చిన 12వ కూర్పుతో పాత భాషకు పూర్తిగా స్వస్తి చెప్పింది. మన దేశంలో సీ-డాక్ సంస్థ రూపొందించిన ‘బాస్’ అను భారతీయ ఆపరేటింగ్ సిస్టంకు డెబియన్‌యే మాతృక అగుటచేత, ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

మా విభాగంలో ఒక రాత్రి

ఇక సొంత అనుభవం. 2019 ఎండాకాలంలో మా కంప్యూటర్ విభాగంలో అదనపు పనిగంటల పట్టిక తయారుచేసే యంత్రాన్ని కొత్త భాషకు మార్చే పని నాకు అప్పగించారు. పాత గడువు ఆరేడు మాసాలలో ముగియనున్నది. గడువు దాటిన తరువాత భద్రతా లోపం ఏదైనా బయటపడితే పైథాన్ కర్తల నుండి మరమ్మతు రాదు. తాళం పాడైన బీరువాలో జీతాల సొమ్ము ఉంచినట్లే అగును. ఈ సంగతి అధికారులకు వివరించి అనుమతి పొందాము.

ఉత్సాహం కొద్దీ నేను చేసిన మొదటి పని ఏమనగా, పైథాన్ 3ను తెచ్చి పెట్టి, ‘పైథాన్’ అను పేరును పాతదాని నుండి తప్పించి కొత్తదానికి తగిలించితిని. ఒక్క వరుస ఆజ్ఞ, అర నిమిషం పని. అంతా సవ్యంగానే కనిపించింది. తరువాత మరొక ఉపకరణం కావలసివచ్చి ‘యమ్’ను పిలిచాను. అది మొదటి అడుగులోనే కూలబడింది. వాక్యదోషం ఉన్నదని, ఒక కామా దగ్గర వేలు చూపి ఆగిపోయింది. ఎందుకనగా ‘యమ్’ తన మొదటి పంక్తిలోనే, తనను ‘పైథాన్’ చేత చదివించవలసినదిగా వ్రాసుకొన్నది. దాని ఉద్దేశ్యంలో పైథాన్ అనగా పాతది. నేను ఆ పేరుతో కొత్తవానిని కూర్చోబెట్టితిని. వానికి ఆ పాత వ్యాకరణం తెలియదు. కొత్త ఉపకరణాలు తెచ్చుకొనుటకు ‘యమ్’ కావలెను, ‘యమ్’ నడవవలెనన్న పాత పైథాన్ కావలెను. నేను కూర్చున్న కొమ్మనే నరుక్కొన్నానని అప్పటికి అర్థమైనది. రాత్రి పదకొండు గంటలు దాటింది. మరునాడు ఉదయం పట్టిక జీతాల విభాగానికి చేరవలెను.

మా సీనియర్ అధికారికి ఫోను చేశాను. ఆయన కోపగించుకొనలేదు. “పేరు ఎవరికి ఇచ్చావో వారి నుండి తీసుకొని, మునుపటివారికి తిరిగి ఇవ్వవోయ్. ఇంకేమీ ముట్టుకోకు. రేపు మాట్లాడుదాం” అన్నారు. అలాగే చేశాను. ‘యమ్’ లేచి కూర్చున్నది. పట్టిక సమయానికే వెళ్ళింది. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉదయం ఆయన నన్ను పిలిచి చెప్పినది ఇంతే: “మన ప్రోగ్రాం మనది. ఇంటి పైథాన్ ఇంటిది. మనకు కావలసినది ప్రక్కన వేరే పొయ్యి మీద వండుకొందాం.” అప్పటి నుండి వ్యవస్థ సొంత పైథాన్‌ను ఎవరమూ తాకలేదు.

మూడున్నర టీ కూపన్లు

తరువాతి మూడు నెలలూ పాత ప్రోగ్రాం, కొత్త ప్రోగ్రాం ప్రక్కప్రక్కనే నడిచినవి. ఒకే హాజరు వివరాలను రెండింటికీ ఇచ్చి, వచ్చిన జవాబులను వరుస వరుసకూ పోల్చాము. పాతదానినే ఆధారంగా తీసుకొని జీతాల విభాగానికి పంపేవారము. కొత్తది పరీక్షలో ఉన్న విద్యార్థి వంటిది.

మొదటి నెల పోలికలోనే నవ్వు పుట్టించే తేడా కనిపించింది. అదనంగా పనిచేసిన ప్రతి రెండు గంటలకు ఒక టీ కూపను ఇచ్చుట అక్కడి పద్ధతి. ఏడు గంటలు పనిచేసినవానికి పాత ప్రోగ్రాం మూడు కూపన్లు వ్రాసింది. కొత్తది మూడున్నర కూపన్లు వ్రాసింది. “అర కూపనుకు సగం గ్లాసు పోయమందురా?” అని క్యాంటీన్ వారు అడిగితే ఏమి చెప్పగలం? ఇది యంత్రం తప్పా, లేక పాత లెక్కే తప్పా అన్నది మాకు తెలియలేదు. ప్రోగ్రాంలో వివరణ లేదు. దానిని వ్రాసిన పెద్దాయన పదవీ విరమణ చేసి అప్పటికి చాలా ఏళ్ళు. విజయవాడలో ఉంటున్నారని తెలిసి ఫోను చేశాము. ఆయన వెంటనే, “అది పొరపాటు కాదు నాయనా! పూర్తిగా రెండు గంటలు నిండితేనే కూపను అని నియమం. భాష దానంతట అదే కోస్తుంది గనుక వేరే వ్రాయలేదు. అప్పుడు ఒక వరుస వివరణ వ్రాసి ఉంటే మీకీ శ్రమ తప్పేది” అన్నారు. చివరి మాట అనునప్పుడు ఆయన గొంతులో నొచ్చుకోలు వినిపించింది. ఆయనను నొప్పించుట మా ఉద్దేశ్యం కాదు. ఆ ప్రోగ్రాం అన్నేళ్ళూ ఒక్క నెల కూడా తప్పలేదని చెప్పాము. ఆయన సంతోషించారు.

రెండవ తేడా నవ్వుకొనదగినది కాదు. ఒక కార్మికుని లెక్కలో సరిగ్గా యాభై పైసలు మిగిలితే, పాత ప్రోగ్రాం పై రూపాయికి సవరించేది. కొత్తది ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి సవరించింది. ఒక్క రూపాయే కావచ్చును. కాని ఎండలో, పొగలో అదనంగా నిలబడి సంపాదించిన రూపాయి అది. ఎవరూ అడగలేదు, ఎవరూ గమనించలేదు, భాష మారినందువలన మాత్రమే అది ఒకరి జేబునుండి జారిపోవుట న్యాయం కాదు. నియమం ఏమి చెబుతున్నదో జీతాల విభాగం వారిని అడిగి, అర రూపాయి ఎప్పుడూ పైకే సవరించవలెనని వ్రాతపూర్వకంగా తెచ్చుకొని, దశాంశ లెక్కలకు పైథాన్‌లోనే ఉన్న ప్రత్యేక ఏర్పాటును వాడి ఆ నియమాన్ని స్పష్టంగా వ్రాశాము. ఈ సారి వివరణ వరుస కూడా చేర్చాము.

మూడవ తేడా మాత్రం ఆనందం కలిగించినది. చీటీలపై పేర్లు తెలుగులో ముద్రించే ఏర్పాటు ఉండేది గాని, పొడవైన పేర్ల చివర విరిగిన గుర్తులు పడేవి. పాత ప్రోగ్రాం పేరును ఇరవై బైట్ల వద్ద కోసివేసేది. ‘సత్యనారాయణ’ అను పేరుకు ముప్పై బైట్లు కావలెను. ఇరవై వద్ద కోస్తే ‘సత్యనా’ వరకు నిలిచి, ఆ తరువాతి ‘ర’ మూడింట రెండు వంతుల వద్ద తెగిపోయి, ఒక పిచ్చి గుర్తుగా మారేది. కొత్త భాషలో అదే ఇరవైని అక్షర సంకేతాలుగా లెక్కించుట వలన పేరు పూర్తిగా వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ‘సత్యనా’గా మిగిలిన ఒక ఫిట్టరు తన చీటీని చేతిలోకి తీసుకొని, “ఇన్నాళ్ళకు మా నాన్న పెట్టిన పేరు పూర్తిగా వచ్చింది సార్” అన్నాడు. కంప్యూటర్ విభాగంలో పనిచేసేవారికి ఇటువంటి ప్రశంస అరుదుగా లభిస్తుంది.

నేర్చుకొనదగిన పద్ధతి

మా చిన్న అనుభవం, పెద్ద సంస్థల అనుభవం కలిపి చూస్తే కొన్ని సూత్రాలు తేలుతున్నవి. ఇవి కంప్యూటర్లకే గాక, పాత యంత్రం స్థానంలో కొత్త యంత్రం తెచ్చే ఏ విభాగానికైనా పనికివచ్చునని నా విశ్వాసం.

ఒకటి, ఉన్నదేమిటో ముందు లెక్క వ్రాసుకొనవలెను. ఏ ప్రోగ్రాం దేనిపై ఆధారపడియున్నదో తెలియనిదే దేనినీ కదపరాదు. ఫెడోరా వారు తమ వద్దనున్న ప్రోగ్రాంలలో ఏది మారినది, ఏది మారవలసినది అను పట్టికను అందరూ చూచునట్లు బహిరంగంగా ఉంచారు.

రెండు, యంత్రం చేయగల మార్పులను యంత్రం చేత చేయించవలెను. పాత వ్రాతను కొత్త వ్రాతగా మార్చుటకు ‘టూ-టు-త్రీ’ అను ఉపకరణం ఉండేది. అది ‘ప్రింట్’కు కుండలీకరణాలు పెట్టగలదు. కూపను సగం చేయవచ్చునా కూడదా అన్నది మాత్రం దానికి తెలియదు. ఆ నిర్ణయం మనుషులదే.

మూడు, రెండు భాషలలోనూ నడిచే వ్రాతతో మధ్యకాలాన్ని గడుపవలెను. ఇందుకు ‘సిక్స్’ అను ఒక చిన్న ఉపకరణం ఎంతో తోడ్పడింది. రెండును మూడుతో హెచ్చవేస్తే ఆరు గనుక ఆ పేరు పెట్టారట! దూలం తీయుటకు ముందు ఊతకర్రలు నిలబెట్టుట వంటిది ఇది.

నాలుగు, సేవ ఆపకుండా కొద్దికొద్దిగా మార్చవలెను. కోట్లాదిమంది వాడుకొనే ఇన్‌స్టాగ్రామ్ వారు తమ సేవను ఆపకుండానే పైథాన్ 3కు మారినట్లు 2017లో జరిగిన పైథాన్ సమావేశంలో వెల్లడించారు.

ఐదు, పేరును చివరగా మార్చవలెను. పని కుదిరిన తరువాతనే పదవి ఇవ్వవలెను.

ఆరు, ఇంటి పైథాన్‌ను, మన పైథాన్‌ను వేరుగా ఉంచవలెను. ఇప్పుడు డెబియన్, ఉబుంటు కొత్త కూర్పులలో వ్యవస్థ సొంత పైథాన్‌లో బయటి ఉపకరణాలను చేర్చబోతే అది నిరాకరించి, వేరే గది ఏర్పరచుకొనుమని సలహా ఇస్తుంది. ఆ రాత్రి నా వంటివారు ఎందరు కొమ్మ నరుక్కొన్నారో, ఆ అనుభవమే ఈ రూపంలో వచ్చినదని అనుకొంటాను.

ఏడు, అన్నింటికంటే ముఖ్యమైనది. ‘ఎందుకు’ అన్నది వ్రాసి ఉంచవలెను. ‘ఎలా’ అన్నది ప్రోగ్రాం చెబుతుంది. ‘ఎందుకు’ అన్నది వ్రాసినవారి మనసులో ఉంటుంది. వారు పదవీ విరమణ చేసినప్పుడు దండలతో, శాలువాతో పాటు ఆ జ్ఞానాన్ని కూడా మనమే సాగనంపుతున్నాము. మనవంటి సంస్థలకు ఇది చిన్న నష్టం కాదు.

మన పిల్లలకు ఒక మాట

సీబీఎస్ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్సులో నేడు నేర్పుతున్నది పైథాన్‌నే. మన కాలనీలలోని పిల్లలు ఎందరో దీనిని అభ్యసిస్తున్నారు. అటక మీది పాత పుస్తకంలోని ఉదాహరణను యథాతథంగా ఎక్కిస్తే యంత్రం తప్పు చూపవచ్చును. అప్పుడు నిరుత్సాహపడనక్కరలేదు. ‘ప్రింట్’ ప్రక్కన కుండలీకరణాలు ఉన్నవో లేవో చూచుకొనండి. అంతటితో తృప్తిపడక, ఏడును రెండుతో భాగించి చూడండి. మీ ఊరి పేరును తెలుగులో వ్రాసి దాని పొడవెంతో అడిగి చూడండి. ఆ జవాబు మీరు వ్రేళ్ళపై లెక్కించిన అక్షరాలతో ఎందుకు సరిపోలేదో ఆలోచించండి. ఒత్తులు, గుణింతపు గుర్తులు వేరువేరు సంకేతాలని మీకే తెలుస్తుంది. అది పరీక్షలో అడుగరు గాని, పరీక్ష తరువాత కూడా గుర్తుంటుంది.

ఇకపై ఏమి?

ఇంత పెద్ద మార్పు మరల ఒకసారి వస్తుందా అని కొందరు అడుగుతుంటారు. పైథాన్ కర్తలు ఈ అనుభవం నుండి గుణపాఠం నేర్చినట్లే కనబడుతున్నది. 2019 నుండి ప్రతి సంవత్సరం అక్టోబరు ప్రాంతంలో ఒక కొత్త కూర్పును విడుదల చేస్తూ, ఒక్కొక్కదానిని దాదాపు అయిదేళ్ళు కాపాడుతున్నారు. తొలగింపదలచినదానిని ముందే హెచ్చరించి, కొన్నేళ్ళ గడువిచ్చి తొలగిస్తున్నారు. ఆ మార్గాన 2024 అక్టోబరులో వచ్చిన 3.13 కూర్పు నుండి ‘టూ-టు-త్రీ’ ఉపకరణాన్ని కూడా తొలగించారు. దూలం నిలిచిన తరువాత ఊతకర్రలతో పని లేదు కదా! పన్నెండేళ్ళకు ఒకసారి ఇల్లంతా విప్పుటకంటే, ఏటేటా ఒక పెంకు మార్చుకొనుట మేలని దీని భావం.

పదేళ్ళు వాయిదా వేసినవారికి చివరి ఏడాది కష్టమైనది. ఏటా కొంత చేసినవారికి చివరి ఏడాది మామూలుగానే గడిచినది. ఈ సత్యం కంప్యూటర్లకే కాక మన యంత్రశాలలకు, గిడ్డంగులకు, దస్త్రాలకు, మన ఇండ్లకు కూడా వర్తిస్తుంది. మీ విభాగంలో ఎవరో పెద్దలు ఎప్పుడో ఏర్పరచిన పద్ధతి ఒకటి నేటికీ నడుస్తూ ఉండవచ్చును. అది ఎందుకు అలా ఉన్నదో ఆ పెద్దలు మన మధ్య ఉండగానే అడిగి, ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. దూలం మార్చవలసిన రోజు వచ్చినప్పుడు ఆ ఒక్క కాగితమే పైకప్పును నిలబెట్టవచ్చును.